బాక్సర్‌ని అమ్మినవాళ్ళెవరు?

బాక్సింగ్‌నీ మాఫియానీ కలిపి తీసిన సినిమాల్లో ఒక సీన్ దాదాపు తప్పనిసరి. డ్రెస్సింగ్ రూమ్‌లోకి టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు వస్తాడు. ఫలానా రౌండ్‌లో పడిపోవాలని చెప్పి వెళ్ళిపోతాడు. ఇక అక్కణ్ణుంచి మనకి ఒకటే టెన్షన్: పడతాడా, పడడా? పడితే పిరికివాడు, పడకపోతే హీరో. డెబ్భై ఎనభై ఏళ్ళుగా అమెరికా సినిమా ఈ ఒక్క ప్రశ్ననే అటు తిప్పి ఇటు తిప్పి అడుగుతోంది.

నాకు ఈ సినిమాలంటే కాలేజీ రోజుల నుంచీ పిచ్చి. ఇప్పటికీ రాత్రిపూట పాత బ్లాక్ అండ్ వైట్ బాక్సింగ్ సినిమా కనిపిస్తే పక్కన పెట్టలేను. అయినా ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఈ సినిమాలు నిలదీయాల్సిన మనిషిని వదిలేసి బాక్సర్‌ని నిలదీస్తున్నాయి. లాలూచీ పోరాటం అసలు నేరంలో చిన్న ముక్క మాత్రమే. పెద్ద దోపిడీ రింగ్‌లో జరగలేదు, కాంట్రాక్ట్ కాగితాల మీద జరిగింది. దాన్ని చేసినవాళ్ళలో టోపీవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు సూటు బూటు వేసుకుని, బోర్డు మీటింగుల్లో కూర్చుని, గౌరవంగా బతికి పోయారు.

అందరికీ తెలిసిన కేసు తీసుకుందాం. 1947 నవంబర్ 14, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. జేక్ లమోటా, బిల్లీ ఫాక్స్ మధ్య పోటీ. మ్యాచ్ దగ్గర పడుతున్నకొద్దీ పందేలన్నీ ఫాక్స్ వైపు తిరిగిపోయాయి. ఎంత కొట్టినా కింద పడడని పేరున్న లమోటా ఆ రాత్రి తాళ్ళకి ఆనుకుని దెబ్బలు తింటూ నిలబడ్డాడు. నాలుగో రౌండ్‌లో రిఫరీ ఆపేశాడు. జనానికి విషయం అర్థమైపోయింది, అరుపులు మొదలయ్యాయి. ప్లీహం దెబ్బతిందని లమోటా చెప్పుకున్నాడు. గాయం దాచిపెట్టినందుకు అక్కడి బాక్సింగ్ కమిషన్ వెయ్యి డాలర్ల జరిమానా వేసి, ఏడు నెలలు సస్పెండ్ చేసింది. అసలు నిజం అతని నోటి నుంచి బయటికి రావడానికి పదమూడేళ్ళు పట్టింది. 1960 జూన్‌లో బాక్సింగ్‌లో మాఫియా ప్రమేయం మీద విచారణ జరుపుతున్న సెనేటర్ ఎస్టెస్ కీఫావర్ కమిటీ ముందు కూర్చుని, అవును, కావాలనే ఓడిపోయానని చెప్పాడు.

ఎందుకు ఓడిపోయాడన్నది ఇక్కడ ముఖ్యం. లక్ష డాలర్లు ఇస్తామన్నారని, తను డబ్బు వద్దని టైటిల్ ఫైట్ కావాలని అడిగానని అతను కమిటీకి చెప్పాడు. అప్పటికి అతను తన బరువులో ముందు వరసలో ఉన్న బాక్సర్. మహా బాక్సర్‌గా పేరున్న షుగర్ రే రాబిన్సన్‌ని 1943లో ఓడించినవాడు. అలాంటివాడు ఏళ్ళ తరబడి ఛాంపియన్‌తో పోటీ కోసం గుమ్మం బయట నిలబడ్డాడు. గుమ్మం తాళం వేరేవాళ్ళ దగ్గర ఉంది. ఒక మ్యాచ్ పోగొట్టుకుంటేనే ఆ తలుపు తెరుచుకుంటుందని అతనికి అర్థమైంది. తలుపు తెరుచుకున్నాక కూడా ఊరికే లోపలికి పోనివ్వలేదు. 1949 జూన్‌లో డెట్రాయిట్‌లో అప్పటి ఛాంపియన్ మార్సెల్ సెర్దాన్‌తో టైటిల్ ఫైట్ దొరకడానికి ఇంకో 20,000 డాలర్లు కట్టానని చెప్పాడు. ఆ ఫైట్‌కి అతనికి వచ్చిన పారితోషికం 19,000. ప్రపంచ ఛాంపియన్ కావడానికి చేతి నుంచి వెయ్యి డాలర్లు ఎదురు పెట్టుకున్నాడన్నమాట.

లమోటా మంచివాడని నేను అనడం లేదు. ఇంట్లో అతని ప్రవర్తన ఎలాంటిదో అందరికీ తెలుసు. కానీ ఆ రాత్రి గార్డెన్‌లో అమ్మకానికి పెట్టిన సరుకు అతని ఓటమి ఒక్కటే కాదు. టైటిల్ ఫైట్ అనే అవకాశమే పెద్ద సరుకు. దాన్ని చేతిలో పెట్టుకున్నవాడిదే ఆ మొత్తం వ్యాపారం.

ఆ చెయ్యి పేరు ఫ్రాంకీ కార్బో. న్యూయార్క్ మాఫియాలోని లుకేసీ ముఠా మనిషి. బాక్సింగ్ లోకంలో అతని పేరు పైకి పలికేవాళ్ళు కాదు, 'మిస్టర్ గ్రే' అనేవాళ్ళు. ఫిలడెల్ఫియాలో అతని కుడిభుజం ఫ్రాంక్ పలెర్మో, అందరూ 'బ్లింకీ' అని పిలిచే మనిషి. బిల్లీ ఫాక్స్ ఈ పలెర్మో బాక్సరే. లైసెన్సు మీద వేరే మేనేజర్ పేరు ఉంటుంది, అసలు యజమాని కార్బో. ఇలా ఎంతమంది మేనేజర్లు అతని గుప్పిట్లో ఉంటే, అంతమంది బాక్సర్లు అతనివాళ్ళే.

కార్బో ఒక్కడే తుపాకీ చూపించి ఇదంతా నడిపించాడని అనుకుంటే పొరపాటు. 1949లో ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ పుట్టింది, పొట్టిగా ఐబీసీ. దాని అధినేత జేమ్స్ నోరిస్, ధాన్యం వ్యాపారంలో కోట్లు గడించిన కుటుంబానికి వారసుడు, హాకీ జట్ల యజమాని. హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ రిటైర్ అవుతూ ముందు వరస బాక్సర్ల కాంట్రాక్టులు నోరిస్ చేతికి అందేలా చేశాడు. గార్డెన్ మీద పట్టు కూడా ఐబీసీకే వచ్చింది. అప్పుడప్పుడే ఇళ్ళలోకి టీవీ వస్తోంది. వారం వారం బుధవారం ఒక ఛానల్లో, శుక్రవారం ఇంకో ఛానల్లో బాక్సింగ్. శుక్రవారం షోకి స్పాన్సర్ గిల్లెట్ బ్లేడ్ల కంపెనీ, బుధవారం షోకి ఒక బీరు కంపెనీ. ఏడాదికి యాభై రెండు వారాలు, వారానికి రెండు షోలు. ప్రతి షోకీ పేరున్న బాక్సర్లు ఇద్దరు కావాలి. ఒక్క వారం కూడా ఖాళీ పోకూడదు.

ఆ సరఫరా ఎవరు గ్యారంటీ ఇస్తారు? మేనేజర్లందర్నీ చెప్పుచేతల్లో ఉంచుకున్నవాడు. నోరిస్ దగ్గర పెద్ద ఉద్యోగి ట్రూమన్ గిబ్సన్, చదువుకున్న లాయరు. కీఫావర్ కమిటీ ముందు ఆయన చెప్పిన సంగతి ఇది: తర్వాత కార్బోకి భార్య అయిన మహిళకి ఐబీసీ తరఫున జీతం లాంటిది ముట్టేది, మూడేళ్ళలో నలభై వేల డాలర్లకి పైగా. బాక్సర్లు టైముకి రావాలంటే కార్బోని మంచి చేసుకోక తప్పదని కంపెనీ లెక్క వేసుకుంది. ఆ చెక్కు మీద తుపాకీ గురి లేదు, బెదిరింపు లేదు. ఒక కంపెనీ తన ఖర్చుల ఖాతాలో రాసుకున్న ఒక పద్దు. ఈ కథ మొత్తంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఆ పద్దే.

1960 డిసెంబర్‌లో కార్బోని జైలు నుంచి తీసుకొచ్చి కమిటీ ముందు కూర్చోబెట్టారు. తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదన్న రాజ్యాంగ హక్కుని అడ్డం పెట్టుకుని ఇరవై ఐదుసార్లు నోరు మెదపనన్నాడు. 1961లో లాస్ ఏంజెలెస్ కోర్టు, డాన్ జోర్డన్ అనే ఛాంపియన్ సంపాదనలో వాటా కోసం బెదిరించిన కేసులో, అతనికి 25 ఏళ్ళు, పలెర్మోకి 15 ఏళ్ళు శిక్ష వేసింది. నోరిస్‌కి ఏమైంది? 1959లో సుప్రీంకోర్టు ఐబీసీని గుత్తాధిపత్యం కింద రద్దు చేయాల్సిందేనంది. ఆయన బాక్సింగ్ నుంచి తప్పుకున్నాడు. 1962లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటిచ్చి సన్మానించారు.

మరి బాక్సర్లకి ఏం మిగిలింది? ఐక్ విలియమ్స్ లైట్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్. పాత మేనేజర్‌తో తెగతెంపులు చేసుకుని సొంతంగా నడుస్తానంటే మేనేజర్ల సంఘం అతన్ని వెలివేసింది. ఎవరూ ఫైట్ ఇవ్వరు. అప్పుడు నేనున్నానంటూ పలెర్మో వచ్చాడు. తలుపులు తెరుచుకున్నాయి. కానీ రెండు ఫైట్ల పారితోషికం మొత్తం పలెర్మోయే మింగేశాడని, చేతికి రాని ఆ డబ్బు మీద పన్ను మాత్రం తానే కట్టాల్సి వచ్చిందని విలియమ్స్ విచారణలో చెప్పాడు. ఓడిపొమ్మని లంచాలు ఇవ్వజూపిన సంగతీ చెప్పాడు, తీసుకోలేదన్నాడు. చూడండి, ఇక్కడ హీరో పడలేదు. సినిమా లెక్క ప్రకారం గెలిచినట్టే. అయినా జేబు ఖాళీ. జానీ సాక్స్‌టన్ కూడా పలెర్మో బాక్సరే. 1954లో అప్పటి ఛాంపియన్ కిడ్ గవిలాన్ మీద అతన్ని గెలిపించిన నిర్ణయం చూసి రింగ్ పక్కన కూర్చున్న విలేఖరులే నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ ఛాంపియన్ కొన్నేళ్ళకి చిల్లర దొంగతనం కేసులో పట్టుబడ్డాడు.

ఫాక్స్, విలియమ్స్, సాక్స్‌టన్ ముగ్గురూ నల్లజాతివాళ్ళు. ఇది యాదృచ్ఛికం కాదు. ఫిర్యాదు చేస్తే వినేవాళ్ళు ఎవరికి తక్కువో, వాళ్ళనే ముందు మింగుతారు. ఇక సినిమా దగ్గరికి వస్తే, 1928లో వచ్చిన 'ది సెటప్' అనే కథాకావ్యంలో బాక్సర్ నల్లవాడు. 1949లో హాలీవుడ్ దాన్ని సినిమాగా తీసినప్పుడు రాబర్ట్ ర్యాన్‌ని పెట్టి అతన్ని తెల్లవాణ్ణి చేసింది. సినిమా మటుకు అద్భుతం. కథ నడిచే సమయం, సినిమా నడిచే సమయం ఒకటే, డెబ్భై రెండు నిమిషాలు. అందులో ఒక సంగతి నేను ఎవరితో మాట్లాడినా చెబుతాను. ముసలివాడవుతున్న బాక్సర్ ఓడిపోతాడని మేనేజర్ దళారీ దగ్గర డబ్బు తీసుకుంటాడు, ఆ విషయం బాక్సర్‌కి ముందుగా చెప్పనే చెప్పడు. ఎలాగూ ఓడిపోతాడు కదా, చెబితే వాటా ఇవ్వాలి కదా అని. తనని అమ్మేశారని చివరి రౌండ్ ముందు దాకా తెలియకుండానే ఆ మనిషి ప్రాణం పెట్టి పోట్లాడతాడు, తెలిశాక కూడా లొంగకుండా గెలుస్తాడు. తర్వాత సందులో అతని చెయ్యి విరగ్గొడతారు. అమ్ముడుపోయినవాడికి అమ్మకం గురించి తెలియకపోవడం, ఇదీ నిజానికి దగ్గరగా వచ్చిన కథ. ఆ కథలోంచి అసలు బాధితుడి రంగునే తీసేయడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అంతకు రెండేళ్ళ ముందు 1947లో, లమోటా ఓడిపోయిన ఏడాదే, 'బాడీ అండ్ సోల్' వచ్చింది. జాన్ గార్ఫీల్డ్ హీరో. అందులో మాజీ ఛాంపియన్‌గా వేసిన నల్లజాతి నటుడు కెనడా లీ నిజంగానే ఒకప్పుడు బాక్సర్, రింగ్‌లోనే ఒక కంటి చూపు పోగొట్టుకున్నవాడు. మెదడులో గడ్డ కట్టిన రక్తంతోనే అతన్ని పోటీకి దింపి, ప్రత్యర్థి నెమ్మదిగా ఆడతాడని అబద్ధం చెప్పి మోసం చేసే ప్రమోటర్ ఆ సినిమాలో ఉన్నాడు. ఆ ప్రమోటర్‌కి కోపం రాదు, అరవడు. అతనికి మనిషంటే కూడికా తీసివేతా. కథ రాసిన ఏబ్రహాం పొలోన్‌స్కీని తర్వాత కమ్యూనిస్టు ముద్ర వేసి, పని దొరక్కుండా హాలీవుడ్ బ్లాక్‌లిస్టులో పెట్టారు. గార్ఫీల్డ్, లీ ఇద్దరూ రాజకీయ వేధింపుల మధ్యే 1952 మే నెలలో రోజుల తేడాతో చనిపోయారు. డబ్బు వైపు వేలు చూపించిన సినిమా వాళ్ళకి దక్కిన బహుమతి అది.

'ఆన్ ద వాటర్‌ఫ్రంట్'లో టాక్సీ సీన్ సంగతి చెప్పకుండా ఉండలేను. మార్లన్ బ్రాండో వేసిన టెర్రీ తన అన్న చార్లీ పక్కన కూర్చుని, నేనూ పోటీదారుణ్ణి అయ్యేవాణ్ణి అనే సీన్. దాన్ని అందరూ ఒక ఓడిపోయినవాడి ఏడుపుగా గుర్తుపెట్టుకున్నారు. మళ్ళీ చూడండి. ఓడిపోవడానికి ఒప్పుకున్నది టెర్రీయే. కానీ ఆ సీన్‌లో అతను తనని తాను తిట్టుకోడు. తప్పు నీదే చార్లీ అంటాడు. తమ్ముణ్ణి కాచుకోవాల్సిన అన్నే వాణ్ణి పందెం కాసేవాళ్ళకి అప్పజెప్పాడు. సరైన ప్రశ్న సరైన మనిషిని అడగడం వల్లే ఆ సీన్ ఇన్నేళ్ళు నిలిచింది. అన్న దగ్గరే ఆగిపోవడం దాని పరిమితి, ఎందుకంటే చార్లీ కూడా ఒక గుమాస్తానే.

ఆ తర్వాత హాలీవుడ్ నెమ్మదిగా మెత్తబడింది. 1976లో 'రాకీ' వచ్చింది. కార్బో, పలెర్మోలు ఏలిన ఫిలడెల్ఫియాలోనే కథ. రాకీ ఒక వడ్డీవ్యాపారి తరఫున బాకీలు వసూలు చేస్తుంటాడు. ఆ వడ్డీవ్యాపారి మంచి మనసున్నవాడు, ట్రైనింగ్ ఖర్చులకి డబ్బు కూడా చేతిలో పెడతాడు. ఇక టైటిల్ ఫైట్ అంటారా, ఛాంపియన్ అపోలో క్రీడ్ పుస్తకం తిరగేసి, 'ఇటాలియన్ స్టాలియన్' అన్న పేరు బాగుందని రాకీని ఎంచుకుంటాడు. లమోటా ఏ తలుపు కోసం పరువంతా ధారపోశాడో, ఆ తలుపు ఇక్కడ ఎవరూ కొట్టకుండానే తెరుచుకుంది. సినిమా నాకూ ఇష్టమే, ఆ మెట్ల మీద పరుగు చూస్తే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ బాక్సింగ్ చరిత్రని ఇంత హాయిగా తుడిచేసిన సినిమా ఇంకోటి లేదు. 1980లో వచ్చిన 'రేజింగ్ బుల్' ఆ ఫాక్స్ మ్యాచ్‌ని, తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో లమోటా వెక్కి వెక్కి ఏడవడాన్ని గుండె పిండేలా చూపించింది. కానీ దాని కన్నంతా లమోటా ఆత్మ మీదే, అతని పాపం, అతని ప్రాయశ్చిత్తం మీదే. నోరిస్ లాంటివాడు కనిపించడు. 'పల్ప్ ఫిక్షన్' నాటికి ఓడిపొమ్మని డబ్బిచ్చే సీన్ కథని పరిగెత్తించడానికి వాడుకునే పాత సరంజామా అయిపోయింది. మన తెలుగులో 2022 నాటి 'గని'లోనూ బాక్సింగ్ వెనక బెట్టింగ్ ఉంది, చివరికి హీరో గుద్దులతోనే లెక్క తేలుతుంది.

కాంట్రాక్టులూ కమిషన్లూ చూపిస్తే సినిమా ఎవరు చూస్తారు, ప్రేక్షకుడికి ఒక మనిషీ ఒక నిర్ణయమూ కావాలి కదా అని ఎవరైనా అనొచ్చు. నేను ఒప్పుకోను, ఎందుకంటే 1956లోనే ఆ పని చేసి చూపించారు. 'ది హార్డర్ దే ఫాల్', హంఫ్రీ బోగార్ట్ చివరి సినిమా. ఆరడుగుల ఆరంగుళాల ఇటలీ మనిషి ప్రిమో కార్నెరా బతుకుని చూసి అల్లిన కథ. ఓనీ మాడెన్ లాంటి ముఠా నాయకుల అండతో కార్నెరా 1933లో హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1934లో మాక్స్ బేర్ చేతిలో ఒకే ఫైట్‌లో పదకొండుసార్లు కింద పడ్డాడు. చివరికి చేతిలో ఏమీ మిగల్లేదు. సినిమాలో ఆ అమాయక మహాకాయుడి పేరు టోరో. చావుదెబ్బలు తిన్నాక బోగార్ట్ వెళ్ళి అతని వాటా ఎంతని అడుగుతాడు. లెక్కలు చూసేవాడు ఖర్చులన్నీ తీసేసి చెబుతాడు: 49 డాలర్ల 7 సెంట్లు. లక్షల డాలర్లు తెచ్చిన మనిషికి మిగిలింది అది. ఆ సీన్‌లో ఒక్క గుద్దు లేదు, తుపాకీ లేదు, ఒక కాగితం మీద కూడికలూ తీసివేతలూ ఉన్నాయి. నేను చూసిన బాక్సింగ్ సీన్లలో దానికన్నా గట్టి దెబ్బ లేదు. కార్నెరా తన పరువు పోయిందని సినిమా కంపెనీ మీద దావా వేసి ఓడిపోయాడు, అక్కడా అతనికి ఏమీ రాలేదు.

సోనీ లిస్టన్ పేరు ఇక్కడ రాకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. ఆర్కాన్సాలో కౌలు రైతు ఇంట్లో, ఇంటినిండా పిల్లల మధ్య పుట్టాడు. చదువు అబ్బలేదు. మిస్సోరీ జైల్లో బాక్సింగ్ నేర్చుకున్నాడు. అతని కాంట్రాక్ట్‌లో సగానికి పైగా కార్బోదని, మిగతాది పలెర్మో, సెయింట్ లూయిస్ ముఠా మనుషులు పంచుకున్నారని సెనేట్ విచారణలో బయటపడింది. చదవడం రాని మనిషి ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో ఎవరు చదివి చెప్పారు? అయినా దేశం వేలు చూపించింది అతని వైపే. మాఫియా మనిషి అన్నారు, ఛాంపియన్ కాకూడదన్నారు. 1962 సెప్టెంబర్ 25న షికాగోలో ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని మొదటి రౌండ్‌లోనే పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు. ఫిలడెల్ఫియాకి తిరిగొస్తూ విమానంలో, జనానికి ఏం చెప్పాలో పక్కనున్న విలేఖరితో కలిసి మాటలు కూర్చుకున్నాడు. మంచి ఛాంపియన్‌గా ఉంటాననీ ఇంకా ఏవేవో. విమానం తలుపు తెరుచుకుంది. కింద స్వాగతం చెప్పడానికి జనం లేరు, విలేఖరులూ ఎయిర్‌పోర్ట్ సిబ్బందీ తప్ప. అతని మీద సినిమాలు రాకపోలేదు, కానీ జనం నోళ్ళలో అతని పేరుకి ముందు ఇప్పటికీ మాఫియా అన్న ముద్రే ఉంటుంది. కార్బోకి వాటా ఇచ్చింది అతనైనట్టు.

ఇదంతా పాత కథ అని కొట్టేయడానికి లేదు. నేర ముఠా నడుపుతున్నాడని ఆరోపణలున్న ఐర్లండ్ మనిషి డానియల్ కినహాన్ సహ స్థాపకుడిగా 2012లో స్పెయిన్‌లో మొదలైన బాక్సర్ల మేనేజ్‌మెంట్ సంస్థ తర్వాత ఎంటీకే గ్లోబల్‌గా పెరిగి, ప్రపంచంలోని పెద్ద బాక్సర్లు ఎందరినో చేర్చుకుంది. 2016 ఫిబ్రవరిలో డబ్లిన్‌లోని రీజెన్సీ హోటల్లో బాక్సర్ల బరువు తూచే కార్యక్రమంలోకి తుపాకులతో వచ్చిన ప్రత్యర్థి ముఠా ఒక మనిషిని చంపింది. ఆ తర్వాత కూడా వ్యాపారం ఆగలేదు. 2020లో టైసన్ ఫ్యూరీ ఒక పెద్ద ఫైట్ కుదిర్చినందుకు కినహాన్‌కి వీడియోలో థాంక్స్ చెప్పాడు. 2022 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం కినహాన్ కుటుంబాన్ని అంతర్జాతీయ నేర ముఠాగా ప్రకటించి ఆంక్షలు పెట్టింది, సమాచారం ఇస్తే 50 లక్షల డాలర్ల దాకా బహుమానం అంది. నేరాలతో తనకి సంబంధం లేదని అతను అంటూ వచ్చాడు. ఎంటీకే అదే నెలలో మూతపడింది. అంతకుముందు అన్నేళ్ళూ అతనితో కూర్చుని ఫైట్లు కుదుర్చుకున్న ప్రమోటర్లకీ, ఆ ఫైట్లు చూపించిన ఛానళ్ళకీ ఏమీ తెలియదా? ఏ పద్దు కింద రాసుకున్నారు?

ఒలింపిక్ బాక్సింగ్ కూడా దీనికి దూరంగా లేదు, అక్కడ మనకీ లింకుంది. అప్పటికే అమెరికా ఆంక్షల జాబితాలో ఉన్న ఉజ్బెకిస్తాన్ వ్యాపారి గఫూర్ రహిమోవ్‌ని 2018లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం ఓట్లేసి మరీ అధ్యక్షుణ్ణి చేసుకుంది. ఆరోపణలన్నీ అబద్ధమని ఆయన అంటాడు. 2019లో ఒలింపిక్ కమిటీ ఆ సంఘం గుర్తింపుని ఆపేసింది, 2023లో పూర్తిగా రద్దు చేసింది. రియో ఒలింపిక్స్‌లో ఫైట్ల ఫలితాలు తారుమారు చేసే ఏర్పాటు నడిచిందని మధ్యలో ఒక స్వతంత్ర విచారణ కూడా తేల్చింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ సంఘం నడిపిన పోటీల్లోనే. ఆమె గుద్దులో ఏ లోపమూ లేదు. పైన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ వల్ల 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ మొదటి జాబితాలో బాక్సింగే లేకుండా పోయింది. ఆమెని చూసి గ్లవ్స్ కట్టుకున్న అమ్మాయిలకి ఆ రింగ్ ఉంటుందా లేదా అన్నది 2025 మార్చి దాకా తేలలేదు.